నోటీసు రాసేటప్పుడు ‘డు’ దగ్గర ఆగండి

అపార్ట్‌మెంట్ నోటీసో, బడి సర్క్యులరో, ఉద్యోగ ప్రకటనో రాస్తుంటే ఒక్క పని చేయండి. వాక్యాన్ని బహువచనంలోకి మార్చండి. ‘ప్రతి సభ్యుడు తన బకాయి చెల్లించాలి’ అన్నదాన్ని ‘సభ్యులందరూ తమ బకాయి చెల్లించాలి’ అంటే సరి. సగం ఫ్లాట్లు ఆడవాళ్ల పేరు మీదే ఉన్న చోట ‘సభ్యుడు’ అని రాస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

మన భాషలో చిక్కంతా ఏకవచనంలోనే. ‘అతను వచ్చాడు’ అంటాం, కానీ ‘ఆమె వచ్చింది’, ‘బస్సు వచ్చింది’ రెండింటికీ క్రియ ఒకటే. బహువచనంలో ఆడా మగా తేడా లేదు: వాళ్లు వచ్చారు. పైగా అది గౌరవ రూపం కూడా, కాబట్టి ఒక్కరి గురించి చెప్పినా చక్కగా నప్పుతుంది. ‘డాక్టర్ వచ్చాడా?’ బదులు ‘డాక్టర్ గారు వచ్చారా?’ అని అడగండి.

ఒకడు, ఒకతె బదులు ‘ఒకరు’. అధ్యక్షుడు, అధ్యక్షురాలు తేలకపోతే ‘అధ్యక్షత వహించేవారు’. దరఖాస్తు ఫారంలో ‘తండ్రి/భర్త పేరు’ అని ఉంటే ‘తల్లి, తండ్రి లేదా సంరక్షకుల పేరు’ అని మార్చండి. ఒంటరి తల్లులకు ఆ గడి దగ్గర పెన్ను ఆగదు.