ఎలమైట్ నేర్చుకుందాం – 4వ పాఠం: ఒక ఇటుక, మూడు క్‌లు

పోయిన పాఠంలో గుర్తుల్ని కలిపి చదవడం చూశాం కదా, సు-ఉన్-కి-ఇక్ అని నాలుగు గుర్తులుంటే మధ్యలో రెండోసారి వచ్చిన అచ్చుని మింగేసి సున్‌కిక్ అని చదవాలని. అది ఇంకా తడబడుతుంటే ఒకసారి వెనక్కెళ్ళి చూసుకుని రండి, ఎందుకంటే ఈరోజు ఏకంగా ఒక రాజుగారు చెప్పిన మాట చదవబోతున్నాం.

ఇరాన్‌లో ఖుజెస్తాన్ అనే ప్రాంతంలో, పాత సూసా నగరానికి దగ్గర్లో చోఘా జన్‌బిల్ అని ఒక చోటుంది. క్రీ.పూ. సుమారు 1250లో ఉంతష్-నపిరిష అనే రాజు (ఎలాం అనే పాత రాజ్యానికి, వాళ్ళ భాషే ఎలమైట్) అక్కడ మెట్లమెట్లుగా పెద్ద గుడి కట్టించాడు, అడుగున ఒక్కో వైపు 105 మీటర్లు. 1951 నుంచి 1962 దాకా గిర్ష్‌మన్ అనే ఫ్రెంచి ఆయన అక్కడ తవ్వకాలు చేయించాడు. ఆ గోడల్లో కొన్ని వరసల ఇటుకల మీద క్యూనిఫాం, అంటే మేకుల్లాంటి గీతల లిపిలో రాత ఉంటుంది, మొదలు దాదాపు అన్నిట్లో ఇలాగే ఉంటుంది:

ఉ ఉంతష్-నపిరిష షక్ హుబన్నుమెన-కి సున్‌కి-క్ అన్‌జన్ షుషున్-క

చాలామంది ఎలమైట్‌ని ఇరాన్‌లోనే ఉన్న బెహిస్తూన్ కొండ మీద పర్షియా చక్రవర్తి దర్యావుషు (ఇంగ్లీషులో డేరియస్) చెక్కించిన శాసనంతో మొదలుపెడతారు. అది మూడు భాషల్లో ఉంది కాబట్టి అర్థం చూసుకోవడం తేలికే, కాదనను, కానీ అది ఈ ఇటుకల తర్వాత ఏడు వందల ఏళ్ళకి పైగా గడిచాక రాసింది, అప్పటికి భాష బాగా మారిపోయింది, పర్షియన్ వాక్యాల నీడ కూడా దాని మీద పడింది. నా మాట విని ఇటుకతో మొదలెట్టండి, ఇందులో భాష తన సొంత నడకలో ఉంటుంది.

ఉ అంటే నేను. అంతే.

తర్వాత రాజు పేరు. ఇక్కడ కాసేపు ఆగాలి. ఇటుక మీద నపిరిష అని అక్షరం అక్షరం రాసి ఉండదు. ఉన్-తష్ అయ్యాక ఒక నక్షత్రం గుర్తు, అంటే ఇప్పుడొచ్చేది దేవుడి పేరు అని హెచ్చరిక, దాన్ని పైకి చదవం. దాని పక్కన సుమేరు వాళ్ళ (ఇప్పటి ఇరాక్‌లో ఉండే పాతకాలం వాళ్ళ) గుర్తు ఒకటి ఉంటుంది, వాళ్ళ భాషలో అది గల్, అంటే పెద్ద. ఎలాం వాళ్ళు ఆ గుర్తు రాసి తమ భాషలో నపిరిష అని చదివేవాళ్ళు, నప్ అంటే దేవుడు, రిష అంటే పెద్ద, మొత్తం పెద్ద దేవుడు. మనం 5 అని రాస్తే తెలుగువాళ్ళు ఐదు అంటారు, హిందీవాళ్ళు పాంచ్ అంటారు చూడండి, అదే పద్ధతి. అందుకే పాత పుస్తకాల్లో ఇదే రాజు ఉంతష్-గల్ అని కనిపిస్తాడు, వేరే రాజనుకుని కంగారుపడకండి.

షక్ అంటే కొడుకు. హుబన్నుమెన ఆయన తండ్రి. పుస్తకాల్లో హుంబన్నుమెన అని సున్నాతో ఉంటుంది, ఇటుక మీద మాత్రం హు-బన్ అని ఉంటుంది, ఎందుకంటే హల్లు ముందు వచ్చే ఆ ముక్కు శబ్దాన్ని ఎలాం లేఖకులు చాలాసార్లు రాయకుండా వదిలేసేవాళ్ళు. సున్‌కి అంటే రాజు. అన్‌జన్ అంటే మనం చరిత్రలో అన్షాన్ అని చదివే ఊరు, ఫార్స్ కొండల్లో ఉంది. షుషున్ అంటే సూసా.

మాటలన్నీ తెలిశాయి కదా, ఇప్పుడు వాక్యంలో క్ శబ్దాలు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. తండ్రి పేరు చివర కి, సున్‌కి చివర క్, సూసా చివర క. ఈ పాఠం మొత్తం ఈ మూడింటి కోసమే.

ఎలమైట్‌లో మనిషిని చెప్పే మాటకి చివర ఒక తోక తగులుతుంది, మాట్లాడేది ఎవరు, వినేది ఎవరు, మూడో మనిషి ఎవరు అనేదాన్ని బట్టి. సున్‌కిక్ అంటే రాజునైన నేను, సున్‌కిత్ అంటే రాజువైన నువ్వు, సున్‌కిర్ అంటే రాజైన అతను, సున్‌కిప్ అంటే రాజులు. ఇంగ్లీషు వాళ్ళకి ఇది మింగుడుపడ్డం కష్టం, మనకి కాదు, ఎందుకంటే నేను డాక్టర్ని, నువ్వు డాక్టర్‌వి, ఆమె డాక్టర్ అని రోజూ అంటూనే ఉంటాం, నామవాచకానికే ని, వి తగిలిస్తాం. మనిషి కాకుండా ఆ పదవినో ఆ స్థితినో చెప్పాలంటే -మె వస్తుంది, సున్‌కిమె అంటే రాచరికం.

తేడా ఎక్కడంటే, మనం నేను హుంబన్నుమెన కొడుకుని, అన్షాన్ సూసాల రాజుని అంటాం, ని అనేది కొడుకు మీద, రాజు మీద పడుతుంది, తండ్రి పేరుకీ ఊరి పేరుకీ అక్కర్లేదు. ఎలమైట్‌లో ఆ తోక వెనకొచ్చే మాటకి కూడా అంటుకుంటుంది. ఎవరి కొడుకు, ఏ ఊరి రాజు అని చెప్పే మాట కూడా, నేను ఆ మొదట్లో ఉన్న 'నేను'కి చెందినదాన్ని అని క్ పెట్టుకుని చెప్తుంది. కి, క చివర ఉన్న అచ్చుల సంగతి 6వ పాఠంలో చూద్దాం. ఇప్పటికి క్ కనపడగానే వాక్యం మొదటికెళ్ళి 'ఉ'ని పట్టుకోండి, చాలు.

ఒక్క జాగ్రత్త. షక్ చివర కూడా క్ ఉంది, అది తోక కాదు, మాటలోదే. ఎలా తెలుసంటే బెహిస్తూన్‌లో అతని కొడుకు అనేదానికి షక్‌రి అని వస్తుంది, -ర్ తగిలినా క్ అలాగే ఉంది. నేను మొదట్లో ఈ క్‌ని కూడా లెక్కలో వేసుకుని ఒక సాయంత్రమంతా తల పట్టుకున్నాను.

ఈ తోకలు తర్వాత కాలంలోనూ పనికొస్తాయి. దర్యావుషు శాసనాల్లో పర్సిర్ అంటే ఒక పర్షియన్, పర్సిప్ అంటే పర్షియన్లు. హల్‌తంతి అంటే ఎలాం, హల్‌తంతిప్ అంటే ఎలాం వాళ్ళు.

మన డాక్టర్ని, డాక్టర్‌వి పోలిక చూసి, మరి ఇది ద్రావిడ భాషా అని అడిగేవాళ్ళుంటారు. డేవిడ్ మెకాల్పిన్ 1974లో, మళ్ళీ 1981లో ఆ వాదమే చేశాడు, ఎలమైట్, ద్రావిడ భాషలు ఒక తల్లి పిల్లలని. ఎక్కువమంది భాషా శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు, ఎలమైట్‌ని బంధువుల్లేని ఒంటరి భాషగానే చూస్తున్నారు. ఎలమైట్‌లో అమ్మని అమ్మ అనే అంటారు, చూడగానే నాకూ ఒళ్ళు పులకరించింది, కానీ పసిపిల్లల నోట్లో తేలిగ్గా పలికే ఇలాంటి మాటలు ప్రపంచంలో చాలా భాషల్లో ఉన్నాయి, వాటితో చుట్టరికం తేలదు. పైగా వాళ్ళ అత్త అంటే తండ్రి. పోలికని గుర్తుపెట్టుకోడానికి వాడుకోండి, రుజువుగా వద్దు.

ఇక ఇంటిపని. బాబిలోన్ రాజు హమ్మురాబి చట్టాలు చెక్కిన రాతిని బాబిలోనియా నుంచి సూసాకి ఎత్తుకొచ్చాడని చెప్పే రాజుది ఈ వాక్యం:

ఉ షుత్రుక్-నహ్హుంతె షక్ హల్లుదుష్-ఇన్‌షుషినక్-కిక్ సున్‌కిక్ అన్‌జన్ షుషున్‌క

ముందు అర్థం రాయండి. తర్వాత ఇందులో ఉన్న ప్రతి క్ కిందా గీత గీసి, ఏది తోకో ఏది మాటలోదో పక్కన రాయండి. ఇన్‌షుషినక్ అనేది సూసా దేవుడి పేరు, ఆ పేరు చివర క్ దగ్గర తొందరపడకండి. జవాబులతో 5వ పాఠం మొదలవుతుంది, ఆ తర్వాత హుత్త అనే క్రియ, అంటే చెయ్యడం, కట్టడం, దాంతో ఉంతష్-నపిరిష ఆ గుడి గురించి ఏం చెప్పాడో చదువుదాం.