లంగరు పాఠాలు – 5: బో మీది ఇనుము ఎక్కడ అరుగుతుంది, ఎలా మార్చాలి

గత పాఠంలో లోతును బట్టి ఎంత గొలుసు వదలాలో లెక్క కట్టాం. ఆ లెక్క ఎంత సరిగ్గా ఉన్నా, లంగరుకీ పడవకీ మధ్య ఉన్న సామానులో ఏ ఒక్కటి తెగినా అంతా వృథానే. ఈసారి ఆ సామానంతా విప్పి చూద్దాం: లంగరు మెడ దగ్గరి షాకిల్ (గొలుసుని లంగరుకి తగిలించే, పిన్నుతో మూసుకునే U ఆకారపు కొక్కెం), ఉంటే స్వివెల్ (గొలుసు మెలిపడకుండా తిరిగే కీలు), గొలుసు, పడవ ముందు కొసన గొలుసు జారే బో రోలర్, ఆ రోలర్‌ని డెక్‌కి బిగించిన బోల్టులు.

ఉదాహరణగా అమెరికా తూర్పు తీరంలోని చీసపీక్ బేలో తిరిగే 1980ల నాటి 30 అడుగుల ఫైబర్‌గ్లాస్ పడవని తీసుకుంటున్నాను. మేరీల్యాండ్, వర్జీనియాల్లో సెకండ్ హ్యాండ్‌లో ఇలాంటివి సులభంగా దొరుకుతాయి. బే అడుగున చాలాచోట్ల మెత్తటి బురద. వేసవి సాయంత్రాలు పడమటి నుంచి ఉరుములతో గాలి హఠాత్తుగా విరుచుకుపడుతుంది. అప్పటిదాకా నిద్రపోతున్న షాకిల్ మీద పడవ బరువంతా కుదుపులుగా పడేది ఆ అరగంటలోనే.

పని పడవ రేవులో కట్టి ఉన్నప్పుడు పెట్టుకోండి. డెక్ మీద పాత కార్పెట్ ముక్క పరిచి, లంగరుని దాని మీదికి లాగి, ఒక తాడుతో క్లీట్‌కి (తాళ్ళు కట్టడానికి డెక్‌కి బిగించిన కొమ్ముల దిమ్మకి) కట్టేయండి. షాకిల్ విప్పగానే లంగరు నీళ్ళలోకి జారిపోతే వెతకడానికి బురదలో చేయి పెట్టాల్సింది మీరే. కావలసినవి: వైర్ బ్రష్, స్పానర్లు, ప్లయర్, హ్యాక్‌సా, వెర్నియర్ కాలిపర్. అవును, ఇంటర్ ఫిజిక్స్ ల్యాబులో విసుక్కుంటూ పట్టుకున్న ఆ కాలిపరే.

చూడడం మొదలుపెట్టే ముందు ఒక అలవాటు మార్చుకోవాలి. కొత్తవాళ్ళ కన్ను తుప్పు మీదికి పోతుంది. గోధుమరంగు కనిపిస్తే టెన్షన్, మెరిస్తే ధైర్యం. లంగరు సామాను విషయంలో మెరుపునే ఎక్కువ అనుమానించాలి. జింకు పూత పోయిన చోట పైపైన పట్టిన తుప్పు బ్రష్‌తో రుద్దితే చాలాసార్లు రాలిపోతుంది, కింద లోహం మందం అలాగే ఉంటుంది. ఇనుము ఇనుముతో రాసుకునే చోట మాత్రం తుప్పు నిలవదు. అక్కడ నున్నగా, తళతళలాడే గాడి పడుతుంది. లోహం తగ్గిపోతున్నది ఆ గాడిలోనే. సామాను బిగించి ఉండగా అది కనబడదు కాబట్టి విప్పి చూడక తప్పదు.

షాకిల్‌తో మొదలుపెట్టండి. పిన్నుకి చుట్టిన తీగ కోసి, పిన్ను విప్పండి. రాకపోతే నూనె వేసి కాసేపు ఆగండి, అయినా రాకపోతే హ్యాక్‌సాతో కోసేయండి. పాత షాకిల్ కోసం పూటంతా కుస్తీ పట్టడం దండగ. బయటికి వచ్చిన పిన్నుని వేళ్ళ మధ్య తిప్పుతూ తడిమి చూడండి. ఒక వైపు నొక్కుకుపోయినట్టు తగిలితే అది అరుగుదల. అక్కడా, పిన్ను అరగని చోటా కాలిపర్‌తో కొలవండి. మందంలో పదో వంతు తగ్గిందంటే దాన్ని తీసి పారేయాల్సిందే. పిన్ను వంగినా, మరలు చితికినా కొలతతో పని లేదు, అదీ చెత్తబుట్టలోకే.

ఇప్పుడు కొత్త షాకిల్ కొనడం. ఇక్కడ కొంచెం లెక్క ఉంది, ఓపిక పట్టండి. మన ఉదాహరణ పడవకి 5/16 అంగుళాల జి43 (ఎక్కువ బలమున్న ఉక్కు గ్రేడు) గొలుసు ఉందనుకుందాం. అది భద్రంగా మోయగల బరువు 3,900 పౌండ్లు. దాని లింకులో పట్టేది 3/8 అంగుళాల షాకిల్. క్రాస్బీ కంపెనీ 209 రకంలో ఆ సైజు షాకిల్‌కి పరిమితి 1 టన్ను, అంటే సుమారు 2,200 పౌండ్లు. అదే సైజులో, అదే ఆకారంలో, మిశ్రమ ఉక్కుతో చేసిన 209ఎ రకానికి పరిమితి 2 టన్నులు, అంటే 4,400 పౌండ్లు. చూడడానికి రెండూ కవలల్లా ఉంటాయి. మాములు 209 షాకిల్‌కి తెగే బరువులో ఆరో వంతునీ, జి43 గొలుసుకి మూడో వంతునీ భద్రమైన పరిమితిగా లెక్కిస్తారు. కాబట్టి అంకెల్లో కనిపించేంత తేడా నిజానికి ఉండదు, మాములు షాకిల్ పెట్టినంత మాత్రాన తెల్లారేసరికి తెగిపోదు. అయినా నేనైతే 209ఎ పెట్టమంటాను. గొలుసు కన్నా షాకిల్ పరిమితి ఎక్కువని తెలిస్తే ఉరుముల రాత్రి ఆలోచించాల్సిన విషయం ఒకటి తగ్గుతుంది.

ఏ రకమైనా సరే, షాకిల్ ఒంటి మీద మోయగల బరువు అచ్చై ఉండాలి. హార్డ్‌వేర్ షాపులో డబ్బాలో కుప్పగా పోసి అమ్మే, అంకె లేని షాకిల్ గేటుకి పనికొస్తుందేమో గానీ లంగరుకి కాదు. ఇంకొకటి, గొలుసు గాల్వనైజ్డ్ (జింకు పూత వేసినది) అయితే షాకిల్ కూడా గాల్వనైజ్డే పెట్టండి. ఉప్పునీటిలో స్టెయిన్‌లెస్‌ని ఆనుకున్న చోట గొలుసు మీది జింకు తొందరగా కరిగిపోతుంది.

బిగించేటప్పుడు పిన్ను గొలుసు చివరి లింకులోంచి, గుండ్రటి వైపు లంగరు మెడలోని రంధ్రంలోంచి వచ్చేలా పెట్టండి. మరలకి లానోలిన్ గ్రీజు రాయండి. చేత్తో బిగించాక స్పానర్‌తో గట్టిగా ఒక పట్టు పట్టండి. తర్వాత మోనెల్ (నికెల్, రాగి కలిసిన, తుప్పు పట్టని లోహం) తీగని పిన్ను చివరి కంతలోంచి దూర్చి, షాకిల్ కాలి చుట్టూ రెండు మూడు చుట్లు తిప్పి, కొసలు మెలేసి లోపలికి మడవండి. మడవకపోతే ఆ కొస ఎప్పుడో మీ అరచేతిలోనే దిగుతుంది. ప్లాస్టిక్ టై వేస్తే ఎండకి పెళుసెక్కి విరిగిపోతుంది.

స్వివెల్ గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను: ఈ సైజు పడవకి చాలావరకు అక్కర్లేదు. లంగరు అడుగు వదిలి పైకొస్తున్నప్పుడు గొలుసులోని మెలికలు చాలామటుకు వాటంతటవే విడిపోతాయి. స్వివెల్‌లో బరువు మోసే పిన్ను లోపల దాక్కుని ఉంటుంది, దాని అరుగుదల బయటికి కనబడదు. పైగా దాన్ని నేరుగా లంగరుకి తగిలిస్తే, గాలి మళ్ళినప్పుడు దాని దవడల మీద పక్కనుంచి లాగుడు పడుతుంది. పెట్టే తీరాలనుకుంటే లంగరుకీ స్వివెల్‌కీ మధ్య రెండు మూడు లింకుల గొలుసు ఉంచండి.

గొలుసుని రేవు మీద బారుగా పరవండి. లంగరు వైపు కొస నేల మీద ఈడ్చుకుంటూ ఎక్కువ అరుగుతుంది, లాకర్‌లోని (పడవ ముందు భాగంలో గొలుసు దాచే అరలోని) కొస ఎప్పుడో గానీ తడవదు. అందుకే అసలు మందం ఎంతో తెలుసుకోవడానికి లాకర్ వైపు లింకుని కొలిచి, లంగరు వైపు లింకులని దానితో పోల్చండి. కొలవాల్సింది లింకు పక్కలు కాదు, రెండు లింకులు ఒకదానిలో ఒకటి కూర్చునే వంపులు. ఇక్కడా పదో వంతే హద్దు. చివరి కొన్ని అడుగులే అరిగి, మిగతాది బాగుంటే ఆ ముక్క కోసేసి, గొలుసుని తిరగేసి వాడుకోవచ్చు. పడవ వైపు కొసని మాత్రం షాకిల్‌తో బిగించేయకండి. డెక్ మీదికి వచ్చేంత పొడవున్న నైలాన్ తాడుతో కట్టండి, గొలుసు వదిలేసి పారిపోవాల్సిన పరిస్థితిలో కత్తితో ఒక్క కోత సరిపోతుంది.

ఇక బో రోలర్. బావి గిలకకి ఇరుసు అరిగితే ఎలా ఒక పక్కకి ఒరిగి కిర్రుమంటుందో ఇదీ అంతే. చేత్తో పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. లొడలొడలాడితే ఇరుసు పిన్ను తీసి కొలవండి. అసలు తిరగకపోతే గొలుసు ఒకే చోట రాసుకుని రోలర్‌ని కోసేస్తుంది. నైలాన్ రోలర్లు నీరు పీల్చి ఉబ్బి బిగుసుకుపోతుంటాయి, మార్చేటప్పుడు అసిటాల్ ప్లాస్టిక్‌దో, యూహెచ్‌ఎండబ్ల్యు పాలీఇథలీన్ అనే గట్టి ప్లాస్టిక్‌దో తీసుకోండి. రోలర్‌కి అటూ ఇటూ ఉన్న స్టీలు పలకలు బయటికి వంగి ఉన్నాయేమో చూడండి. వంగితే పడవ ఊగినప్పుడు గొలుసు ఎగిరి బయట పడుతుంది.

మొత్తం ఫిట్టింగు విప్పే ముందు ఆగండి. చాలా పాత పడవల్లో బో రోలర్, మాస్ట్‌ని (తెరచాప స్తంభాన్ని) ముందు నుంచి పట్టి ఉంచే ఫోర్‌స్టే తీగ ఒకే లోహపు ముక్కకి తగిలించి ఉంటాయి. మీ పడవలో అలా ఉంటే ముందుగా ఒక హాలియార్డ్‌ని (తెరచాప పైకి ఎత్తే తాడుని) ముందుకు తెచ్చి, గట్టి క్లీట్‌కి కట్టి, బిగువుగా లాగి ఉంచాలి. అనుమానంగా ఉంటే రిగ్గర్‌ని (మాస్ట్, దాని తీగల పని చేసే మెకానిక్‌ని) పిలవండి. మాస్ట్ పడిపోతే ఈ పాఠం మీకు చాలా ఖరీదైపోతుంది.

విప్పడానికి ఇద్దరు కావాలి. పైన ఒకరు బోల్టు తల కదలకుండా పట్టుకుంటే, లాకర్‌లో దూరినవాళ్ళు నట్టు తిప్పాలి. స్టెయిన్‌లెస్ బోల్టు బయటికి మెరుస్తున్నా, డెక్ లోపల గాలి తగలని చోట తడి నిలిస్తే గుంటలు పడి తినేసి ఉండొచ్చు. నడుము సన్నబడితే, గుంటలు కనిపిస్తే, 316 గ్రేడు బోల్టులు కొత్తవి వేయండి. రంధ్రంలోంచి నల్లటి తడి పొడి రాలితే డెక్ మధ్యలోని బాల్సా చెక్క కుళ్ళిందని అర్థం. కుళ్ళినదంతా గీకి తీసి, ఆరనిచ్చి, కిందనుంచి టేపు వేసి, చిక్కటి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక అందులోనే కొత్త రంధ్రం వేయాలి. ఈ ఒక్క పని తొందరపడితే కుదరదు.

బిగింపుకి బ్యూటైల్ టేపు (నీరు చొరబడకుండా ఆపే మెత్తటి రబ్బరు పట్టీ) వాడండి. శాశ్వతంగా అతుక్కునే పాలీయురథేన్ జిగురు వేశారంటే మళ్ళీ విప్పేటప్పుడు ఫైబర్‌గ్లాస్ మీది నున్నటి పై పూత జెల్‌కోట్ కూడా ఊడి వస్తుంది. రంధ్రం పై అంచుని కొద్దిగా ఏటవాలుగా గీకితే బ్యూటైల్ అక్కడ చేరి నీటిని ఆపుతుంది. లోపలి వైపు చిన్న వాషర్లతో సరిపెట్టకుండా మందపాటి బ్యాకింగ్ ప్లేటు పెట్టండి. ఒకేసారి చివరిదాకా బిగించకండి, బ్యూటైల్ మెల్లగా బయటికి వస్తుంది కాబట్టి మరునాడు, ఆ మరునాడు నట్టుని ఇంకాస్త ఇంకాస్త తిప్పండి.

వచ్చే పాఠం విండ్లాస్ (గొలుసుని పైకి లాగే యంత్రం) మీద. ఒకే మందం గొలుసులైనా లింకు పొడవులో తేడాలుంటాయి, సరిపోని గొలుసు విండ్లాస్ పళ్ళ మీద జారుతుంది. గొలుసుని మళ్ళీ లాకర్‌లోకి పంపే ముందు లంగరు వైపు పది లింకుల పొడవు, లాకర్ వైపు పది లింకుల పొడవు విడివిడిగా కొలిచి రాసి పెట్టుకోండి.