ఇంట్లో కలిపిన వాష్ మరకలు కడుతోందా?

వాష్ అంటే బొమ్మ మడతల్లో, గీతల్లో నిలిచి నీడలా కనిపించే పలచటి రంగు. నల్న్ ఆయిల్ లాంటి రెడీమేడ్ వాష్ 18 మి.లీ. సీసా పర్లాకిమిడికి తెప్పించుకోవాలంటే సరుకు ధర మీద కొరియర్ ఖర్చు కూడా పడుతుంది. అందుకే నా మినియేచర్లకు, అంటే చిన్న చిన్న బొమ్మలకు, వాష్ నేనే కలుపుకుంటాను. చెడిపోయినప్పుడు అందరూ రంగును అనుమానిస్తారు. నేను చూసినంతలో తప్పు ఎక్కువగా నీళ్లదే. ఉత్త నీళ్లలో కలిపిన రంగు వాష్ కాదు, దానికి మ్యాట్ మీడియం (మెరుపు లేకుండా ఆరే, రంగు లేని అక్రిలిక్ ద్రవం) ఉండాలి.

నా కొలత: మీడియం 9 మి.లీ., నీళ్లు 9 మి.లీ., ట్యూబు అక్రిలిక్ రంగు 1 మి.లీ. మందుల షాపులో దొరికే 5 మి.లీ. సిరంజి, సూది తీసేసి, కొలతకు వాడతాను. ముదురు గోధుమ రంగైన బర్న్‌ట్ అంబర్‌లో కాస్త నలుపు కలిపితే తోలుకూ, కర్రకూ, ఇనుముకూ అన్నిటికీ పనికొస్తుంది.

సమస్య: ఆరాక టీ గ్లాసు అడుగులాంటి వలయాలు

అందరినీ ఏడిపించేది ఇదే. సైనికుడి భుజం మీది దుప్పటి చూడండి: మడతలో నిలవాల్సిన గోధుమ రంగు మడత వదిలేసి, చదునుగా ఉన్నచోట సన్నటి గీతలా అంచు కడుతుంది. తడి అంచు ముందు ఆరుతుంది. లోపలి నీళ్లు అటు పారుతూ రంగును కూడా మోసుకుపోతాయి. మీడియం ఉంటే ఆ పారకం నెమ్మదిస్తుంది. కాబట్టి నీళ్లు తగ్గించి మీడియం పెంచండి. పూసిన వెంటనే, తడి పిండేసిన బ్రష్ కొనతో నిలిచిన చుక్కను పీల్చేయండి. సగం ఆరినదాన్ని మాత్రం కెలకొద్దు, ఇంకా పాడవుతుంది. పూర్తిగా ఆరిపోయిన అక్రిలిక్ నీళ్లకు రాదు. ఎత్తుగా ఉన్న చోట్ల అసలు రంగు మళ్లీ వేయడమే దారి.

సమస్య: తెల్లటి పొడిలాంటి మరక

బోరు నీళ్లలోని లవణాలు కావచ్చు. నల్లటి ప్లాస్టిక్ మూత మీద ఆ నీళ్లు ఒక్క చుక్క వేసి ఆరనివ్వండి. తెల్లటి మచ్చ మిగిలితే దొంగ దొరికినట్టే. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ కొనండి. సీసా మీద ఏం రాసుందో చదివి మరీ తీసుకోండి, బ్యాటరీ యాసిడ్ వేరు. ఈ నీళ్లతో కూడా తెలుపు వస్తే, రంగులోనే తెలుపు కలిసి ఉండవచ్చు. లేత రంగులు వాష్‌కు పనికిరావు.

సమస్య: రెండో పూత వేస్తే మొదటిది లేచివస్తోంది

మీరు వాడింది పోస్టర్ కలర్ అయి ఉంటుంది. ఆరాక తడి వేలితో రుద్దితే అంటుకుంటుంది. అక్రిలిక్‌కు మారండి.

సమస్య: తామరాకు మీద నీళ్లలా ముత్యాలు కడుతోంది

బొమ్మ మీద జిడ్డు ఉంది. రంగులు వేయకముందే సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టాల్సింది. ఇప్పటికే రంగు వేసేసి ఉంటే, 50 మి.లీ. నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒకే ఒక్క చుక్క కలిపి, వాష్‌లో మామూలు నీళ్ల బదులు ఆ నీళ్లు పోయండి. చేయి జారితే నురగ వస్తుంది, ఆ బుడగలు ఆరి గుంటలుగా మిగులుతాయి.

సమస్య: నూనె రాసినట్టు మెరుపు

ముందు మీడియం సీసా అడుగు చూడండి. మెరుపును చంపే పొడి అక్కడ పేరుకుపోతుంది, ఊపకుండా పోస్తే పైన తేరుకున్నదే వస్తుంది. బాగా ఊపి మళ్లీ కలపండి. కొమ్ము చెక్కి బొమ్మలు చేసే పర్లాకిమిడిలో పుట్టినవాణ్ని కదా, గీత లోతు కంటికి ఆనకుండా మెరుపు అడ్డం వస్తే నాకు ప్రాణం ఒప్పదు.

ఇప్పటికే మెరిసిపోతున్న బొమ్మకు పైన మ్యాట్ వార్నిష్ చాలు. కానీ గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు స్ప్రే కొడితే పొగమంచులా తెల్లబడుతుంది. శ్రావణంలో నేను స్ప్రే డబ్బా ముట్టను, బ్రష్‌తో పూసే వార్నిష్‌నే పలచగా రెండుసార్లు వేస్తాను.