షార్ట్ ఫిల్మ్‌లో యంత్రాన్ని చూసి జనం భయపడాలంటే

ఎర్ర లైట్ల కళ్లు, గరగర గొంతు, "మనుషుల్ని అంతం చేస్తా" అనే డైలాగు. ఈ మూడూ కలిస్తే హాల్లో నవ్వులే. యంత్రానికి కోపం తెప్పించారంటే అది మామూలు విలన్ అయిపోతుంది, విలన్ చివరికి ఏమవుతాడో ప్రేక్షకుడికి ముందే తెలుసు. చెప్పిన పని చెప్పినట్టు చేసే యంత్రమే వణికిస్తుంది.

'రోబో' (2010) క్లైమాక్సులో చిట్టిలన్నీ కలిసి పాములా లేస్తే ఈలలేస్తాం. మనసు చివుక్కుమనేది అంతకు ముందే. మంటల్లో చిక్కుకున్న అమ్మాయిని స్నానం మధ్యలోంచి చిట్టి అలాగే అందరి ముందుకీ ఎత్తుకొస్తుంది. కాపాడమన్నారు, కాపాడింది. సిగ్గంటే ఏమిటో దానికెవరూ చెప్పలేదు. ఆ అమ్మాయి తట్టుకోలేక రోడ్డు మీదికి పరుగెత్తి ప్రాణం పోగొట్టుకుంటుంది.

అందుకే కథకన్నా ముందు ఆజ్ఞ రాసుకోండి. ఒకే వాక్యం, అదీ ప్రేమతో ఇచ్చింది. ఉదాహరణకి, కొడుకు డల్లాస్‌లో, మతిమరుపు తండ్రి ఇక్కడ ఒంటరిగా. ఒక రాత్రి ఆయన వీధుల్లో తప్పిపోతే కొడుకు ఫోన్లోంచే స్మార్ట్ లాక్‌ని సెట్ చేశాడు: "రాత్రి 9 నుంచి పొద్దున్న 6 దాకా తలుపు తీయొద్దు." ఆ మాట కొంప ముంచే రాత్రి ఏదో వెతకండి. గుండెనొప్పి చాలు.

నిడివి 8 నిమిషాలనుకుంటే మొదటి 3 నిమిషాలూ లాక్ మంచే చేయాలి. ఇక్కడ తొందరపడి అనుమానం మ్యూజిక్ వేశారో, మిగతా కథ ప్రేక్షకుడే చెప్పేస్తాడు. తర్వాతి 2 నిమిషాల్లో పెద్దాయన పేకాటకి బయల్దేరితే లాక్ అంటుంది, "క్షమించండి. తొమ్మిది దాటింది. తలుపు తెరవడం కుదరదు." ఇక్కడ నవ్వు రావాలి. చివరి 3 నిమిషాల్లో, ఏదో పడ్డ చప్పుడు విని వచ్చిన పక్కింటాయనకీ అదే మాట, అక్షరం మారకుండా. ఆయన ఇంకోసారి తలుపు కొట్టి వెళ్లిపోతాడు.

కథలో కన్నాలు ముందే పూడ్చండి. చాలా స్మార్ట్ లాకులకి లోపలివైపు చేత్తో తిప్పే నాబ్ ఉంటుంది, కొడుకు దాన్ని తీయించేసినట్టు మొదట్లోనే ఒక షాట్ పెట్టండి. లాక్ బ్యాటరీది, కరెంటు పోయినా తెరుచుకోదు. కొడుక్కి ఫోన్ చేయొచ్చుగా అంటారా? ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర అంటే వేసవిలో డల్లాస్‌లో పొద్దున్న 11, మీటింగ్ టైము.

గొంతు దగ్గరే ఎక్కువ సినిమాలు చెడతాయి. '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' (1968)లో హాల్ అనే కంప్యూటర్‌కి గొంతిచ్చిన డగ్లస్ రెయిన్ కెనడా రంగస్థల నటుడు. చంపబోతున్నప్పుడూ హాల్ గొంతులో మర్యాద తగ్గదు. తెలుగులో దీనికి మంచి సదుపాయం ఉంది: యంత్రం చివరిదాకా 'మీరు' అనే అనాలి, రైల్వే అనౌన్స్‌మెంట్ భాషలో. 'నువ్వు'లోకి దిగిందా, కోపం వచ్చినట్టే. గొంతు ప్రతిధ్వనించకుండా బట్టలున్న బీరువా తెరిచి, మైకు జానెడు దూరంలో పెట్టి, గొంతిచ్చేవాళ్లకి కథ చెప్పకుండా చదివించండి. కథ తెలిస్తే నటించేస్తారు.

లాక్ చూపు కోసం ఫోన్‌లోని 0.5 లెన్సు, గోడ మీద 7 అడుగుల ఎత్తున, కదలకుండా. సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 1/50 సెకను. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఇది తప్పితే కొన్ని ఎల్‌ఈడీల కింద చారలు పాకుతాయి, జనం దెయ్యం సినిమా అనుకుంటారు.

చావుని చూపించకండి. '2001'లో హాల్ కంప్యూటర్, నిద్రలో ఉన్న ముగ్గురిని చంపడం మనకి తెర మీది గీతలు చదునవడంలోనే, మెరిసే అక్షరాల్లోనే తెలుస్తుంది. ఇక్కడ ఫ్రిజ్ రొద ఒక్కసారిగా ఆగితే చాలు. అయితే శబ్దం పూర్తిగా సున్నా చేస్తే స్పీకర్ పోయిందనుకుంటారు. అందుకే ఖాళీ గదిని ఒక నిమిషం రికార్డు చేసి ఉంచుకుని, దాన్ని సన్నగా కింద పరవండి.

ఆఖరి షాట్ పొద్దున్న 6. తలుపు దానంతటదే తెరుచుకుంటుంది: "శుభోదయం." పది సెకన్లు, మ్యూజిక్ లేకుండా.