పార్టీ చందాకు పన్ను మినహాయింపు: రిటర్ను వేసే ముందు జాగ్రత్తలు

జులై వచ్చిందంటే నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ ఉద్యోగులకు రిటర్నులు నింపే ఏజెంట్ల నుంచి ఒక బేరం వినిపిస్తుంటుంది: "సార్, పార్టీ ఫండ్ కింద యాభై వేలు చూపిద్దాం, రీఫండ్ వస్తది."

ముందు మీరు ఏ పన్ను విధానంలో ఉన్నారో చూసుకోండి. పార్టీ చందాకు ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 80జీజీసీ ఇచ్చే మినహాయింపు కొత్త విధానంలో లేనే లేదు. 2023-24 నుంచి మీరేదీ ఎంచుకోకపోతే కొత్తదే వర్తిస్తుంది. పాతది కావాలంటే రిటర్ను గడువులోపే వేయాలి. గడువు దాటితే నిజంగా ఇచ్చిన చందాకూ మినహాయింపు పోయినట్టే.

ఇంకోటి, ఇది పన్నులో తగ్గేది కాదు, ఆదాయంలో తగ్గేది. 20 శాతం శ్లాబులో ఉండి 50,000 ఇస్తే సెస్సుతో కలిపి మిగిలేది 10,400. మిగతా 39,600 మీ జేబులోంచి పోయినట్టే. పార్టీ మీద అభిమానముంటే ఇవ్వండి, పన్ను కోసమైతే వద్దు.

నగదు చెల్లదు, రసీదున్నా సరే. బైక్ ర్యాలీ పెట్రోలు, ఫ్లెక్సీల ఖర్చు లెక్కకు రావు. లీడర్ సొంత ఫోన్‌పేకు కొట్టిన పైసలూ అంతే. ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఎ కింద నమోదైన పార్టీ ఖాతాకు, మీ ఖాతా నుంచే పోవాలి. రిటర్నులో 80జీజీసీ షెడ్యూలు తేదీ, మొత్తం, లావాదేవీ నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ అడుగుతుంది. యూపీఐ అయితే ఆ 12 అంకెల నంబరు స్టేట్‌మెంటులో చూసి ఎక్కించండి. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 లోపు ఇచ్చిందే ఆ ఏడాదికి పనికొస్తుంది.

అసలు ప్రమాదం ఊరూపేరూ తెలియని పార్టీలతో. ఖాతాలో వేయించుకుని, కమిషన్ పట్టుకుని, మిగతాది నగదుగా చేతిలో పెడతారు. రసీదు, బ్యాంకు ఎంట్రీ రెండూ నిజమైనవే కాబట్టి దొరకమనుకుంటారు. కానీ సోదా జరిగేది పార్టీ మీద. వెనక్కిచ్చిన లెక్కలు బయటపడితే దాతలందరికీ నోటీసులొస్తాయి. ఎన్నికల సంఘం 2025 ఆగస్టులో 334 పార్టీలను, సెప్టెంబరులో మరో 474ను జాబితా నుంచి తీసేసింది. ఇచ్చే రోజున పార్టీ జాబితాలో ఉందో లేదో చూసుకోండి.

దొంగ క్లెయిమ్ తేలితే జరిమానా ఎగ్గొట్టిన పన్నుకు 200 శాతం దాకా పడుతుంది. పై లెక్కలో 20,800, దానిమీద అసలు పన్ను, వడ్డీ. నింపింది ఏజెంటైనా సంజాయిషీ చెప్పాల్సింది మీరే.

పాత ఏడాదిలో అలా చూపించి ఉంటే నోటీసు రాకముందే, ఆ తప్పు సరిదిద్దుకునే అప్‌డేటెడ్ రిటర్ను వేయండి. అసెస్‌మెంట్ ఏడాది (ఆదాయం వచ్చిన ఆర్థిక సంవత్సరం తర్వాతి ఏడాది) ముగిశాక మొదటి 12 నెలల్లో అయితే పన్ను, వడ్డీల మీద అదనంగా 25 శాతం, రెండో ఏడాదిలో 50, తర్వాత 60, 70. నాలుగేళ్లు దాటితే ఆ దారీ మూసుకుపోతుంది.