గృహహింస కేసు రాయడం నేర్చుకుందాం – 3: "పీక పట్టుకున్నాడు" అంటే ఏం అడగాలి?

పోయిన పాఠంలో ఫిర్యాదుకు వచ్చిన మనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలి, ఆ సమయంలో పక్కన ఎవరు ఉండకూడదు అన్నది చూశాం. ఈసారి ఒక్కటే విషయం: గొంతు నులమడం. మాటల మధ్యలో ఆమె "పీక పట్టుకున్నాడు సార్" అంది. స్టేషన్‌లో ఫిర్యాదులు రాసే రైటర్ "చేతులతో కొట్టి, గొంతు పట్టుకొని బెదిరించాడు" అని రాసి ముందుకెళ్లిపోయాడు. మెడ మీద గాటు కూడా లేదు కదా అని ఆయన లెక్క.

గాటు ఉండకపోవడమే ఎక్కువ. అమెరికాలోని శాన్‌డియాగోలో గొంతు నులిమిన 300 కేసుల ఫైళ్లు తిరగేస్తే, కనీసం సగం కేసుల్లో పోలీసులకు పైకి గాయమే కనబడలేదు. మెదడుకు రక్తం ఆగితే పది సెకన్లలోనే స్పృహ తప్పవచ్చు. ఒకసారి గొంతు నులిమిన వాడి చేతిలో ఆ తర్వాత ఆమె హతమయ్యే ముప్పు ఏడు రెట్లకు పైగా ఉంటుందని 2008లో వచ్చిన మరో అమెరికా అధ్యయనం తేల్చింది.

ఇంగ్లండ్, వేల్స్‌లో 2022 జూన్ నుంచి దీనికి విడిగా నేరం ఉంది. మన బీఎన్‌ఎస్‌లో (ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత) లేదు. "కొట్టాడు" అని రాస్తే సెక్షన్ 115(2), మహా అయితే ఏడాది జైలు. భర్త క్రూరత్వం కింద 85 కలిపితే మూడేళ్లు. చంపే ఉద్దేశం కనబడితే 109, పదేళ్లు. గాయమైతే యావజ్జీవం దాకా. ప్రాణం తీసేంత గాయం ఉండి తీరాలని లేదని సుప్రీంకోర్టు 1983లోనే చెప్పింది. ఆ ఉద్దేశం బయటపడేది మీ ప్రశ్నల్లోనే.

ఒంటి చేత్తోనా, రెండు చేతులతోనా, చున్నీతోనా? నొక్కుతూ ఏమన్నాడు? కళ్లు బైర్లు కమ్మాయా, మధ్యలో ఏమైందో గుర్తులేదా? గొంతు బొంగురుపోయిందా, మింగితే నొప్పా? బట్టల్లోనే ఒంటికి పోయిందా? (ఇది మహిళా కానిస్టేబులే అడగాలి, సిగ్గుతో చాలామంది చెప్పరు.) తనంతట తనే వదిలాడా, ఎవరైనా వచ్చి విడిపించారా? నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన ప్రశ్న ఈ చివరిదే. సాక్షి కూడా ఇక్కడే దొరుకుతాడు.

మాట బొంగురుగా ఉంటే రికార్డు చేయండి. బాగానే ఉన్నానన్నా ఆసుపత్రికి పంపండి. మెడ రక్తనాళం లోపల చిరిగితే రోజుల తర్వాత కూడా పక్షవాతం రావచ్చు. కనురెప్పల లోపల, చెవుల వెనక ఎర్రటి చుక్కలున్నాయేమో చూడమని డాక్టర్‌కిచ్చే మెమోలో రాయండి. కమిలిన మచ్చలు ఆలస్యంగా తేలతాయి కాబట్టి మర్నాడు మళ్లీ ఫోటో తీయాలి.

అభ్యాసం: పైన రైటర్ రాసిన వాక్యాన్ని ఈ ప్రశ్నల జవాబులు ఊహించి ఎనిమిది వాక్యాల స్టేట్‌మెంట్‌గా తిరగరాయండి. వచ్చే పాఠం వూండ్ సర్టిఫికెట్ (గాయాలపై డాక్టర్ ఇచ్చే పత్రం) చదవడం మీద.