రెండు క్యాప్సూళ్లు, ఒక పైపు: స్టీరియో మైక్ బాడీ సొంతంగా చేసుకోవడం ఎలా?

ముందు క్యాప్సూల్ (శబ్దాన్ని పట్టే చిన్న మైక్ భాగం) ఏ రకమో తేల్చుకోండి, బాడీ దాన్నిబట్టే ఉంటుంది. అన్ని వైపుల శబ్దాన్నీ పట్టే ఓమ్ని రకానికి వెనకవైపు మూసి ఉంటుంది కాబట్టి పైపులో బిగించినా ఇబ్బంది లేదు. ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే కార్డియాయిడ్‌కు వెనక రంధ్రాలుంటాయి. అవి మూసుకుపోతే అదీ ఓమ్నిలాగే వింటుంది, పెట్టిన డబ్బు దండగ. అందుకే ఇక్కడ 10 మి.మీ. ఓమ్ని ఎలక్ట్రెట్‌లు (లోపలి పొరలో శాశ్వతంగా చార్జ్ ఉండే క్యాప్సూళ్లు) రెండు, ఒకే బ్యాచ్‌వి.

20 మి.మీ. పీవీసీ పైపును సరిగ్గా 17 సెం.మీ. కోసి అంచులు ఉప్పుకాగితంతో రుద్దండి. ఇది దాదాపు రెండు చెవుల మధ్య దూరం. పక్కనుంచి వచ్చే శబ్దం అవతలి క్యాప్సూల్‌కు అర మిల్లీసెకను ఆలస్యంగా చేరుతుంది. స్టీరియో అనిపించేది ఎక్కువగా ఆ తేడాయే. మధ్య నుంచి 3 సెం.మీ. పక్కకు కేబుల్ కోసం 5 మి.మీ. బెజ్జం వేయండి, సరిగ్గా మధ్యలో వద్దు.

పీవీసీ హమ్‌ను (చుట్టుపక్కల కరెంటు వైర్ల నుంచి వచ్చే గుయ్‌మనే రొదను) ఆపదు. పైపు చుట్టూ రాగి టేపు చుట్టి, అతుకుల మీద అక్కడక్కడా టంకం చుక్కలు పెట్టండి. టేపు జిగురు అన్నిసార్లూ కరెంటును పోనివ్వదు. టంకం త్వరగా ముగించాలి, పీవీసీ మెత్తబడుతుంది.

రెండు తీగల షీల్డెడ్ కేబుల్‌ను (తీగల చుట్టూ షీల్డ్ అనే లోహపు తొడుగు ఉన్నదాన్ని) బెజ్జంలోంచి దూర్చి, లోపల ముడి వేయండి. లాగినా బరువు టంకం మీద పడదు. తీగలను రెండు చివర్లకూ బయటికి తీసి, టంకం అక్కడే పెట్టండి. క్యాప్సూల్ వెనక టంకం పెట్టే రెండు ప్యాడ్‌లలో, దాని లోహపు తొడుగుకు కలిసి ఉన్నదే గ్రౌండ్, మల్టీమీటర్‌తో చూసుకోండి. ఒక్కో ప్యాడ్‌కు 2 సెకన్లు మించకూడదు, వేడికి లోపలి పొర చార్జ్ పోతుంది. ఒక్కో క్యాప్సూల్ రెండో ప్యాడ్‌కు ఒక్కో తీగను, షీల్డ్‌ను రెండు గ్రౌండ్ ప్యాడ్‌లకూ, రాగి టేపుకూ కలపండి. 3.5 మి.మీ. జాక్‌లో కొన ఎడమ, మధ్య రింగు కుడి, మిగతాది గ్రౌండ్.

క్యాప్సూళ్లను రబ్బరు గ్రామెట్‌లలో (మధ్యలో రంధ్రమున్న వలయాల్లో) పెట్టి పైపులోకి నెట్టండి. గ్రామెట్ వదులైతే పైపును పట్టుకున్నప్పుడు వచ్చే ప్రతి చప్పుడూ రికార్డవుతుంది. ముఖం పైపు అంచుతో సమంగా ఉండాలి. కొన్ని మిల్లీమీటర్లు లోపలికి పోయినా ముందున్న గుంట ప్రతిధ్వనించి, పై స్వరాలు కీచుగా మారతాయి. చాలామంది చేసే తప్పు ఇదే.

మధ్యలో 20 మి.మీ. రంధ్రంతో, రెండువైపులా ఫోమ్ అంటించిన 30 సెం.మీ. బిళ్ల తొడిగితే ఎడమ కుడి ఇంకా స్పష్టంగా విడిపోతాయి. రెండు మైకుల మధ్య అడ్డుబిళ్ల పెట్టే జెక్లిన్ డిస్క్ పద్ధతి సూత్రం ఇదే. కేబుల్ బెజ్జాన్ని పక్కకు జరిపింది కూడా అందుకే. బిళ్లకు అవతలివైపు పైపు క్లిప్ వేసి, మధ్యలో ఫోమ్ ముక్క ఉంచి, స్టాండ్‌కు బిగించండి.

రికార్డర్‌లో ప్లగిన్ పవర్ (మైక్ జాక్‌లోంచే వచ్చే కొద్ది వోల్టుల కరెంటు) ఆన్ చేసి, ఎడమ కుడి తారుమారు కాలేదని చూసుకోవడానికి ఒక్కో క్యాప్సూల్ దగ్గర వేలితో చిటికె వేయండి. రాగి టేపును తాకగానే హమ్ మారితే అది గ్రౌండ్‌కు అందలేదని అర్థం. 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మిక్సర్లు మైక్ కేబుల్‌లోంచే ఇచ్చే కరెంటు) నేరుగా ఇస్తే క్యాప్సూల్ పాడైపోతుంది, మధ్యలో అడాప్టర్ సర్క్యూట్ తప్పనిసరి. ఆరుబయట వాడితే రెండు చివర్లకూ ఫోమ్ టోపీలు తొడగండి. ఓమ్నికి కూడా నేరుగా తగిలే గాలి పడదు.